రెండు తూటాలకు మించరాదు

ఆ శనివారం పొద్దున పాపన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. తుపాకిని గోనెపట్టాలో చుట్టి, ఎవరి కంటా పడకుండా వడ్రంగి ఈరేశ్ కొట్టానికి తీసుకుపోవాలి. అందులో ఒక చెక్కముక్క బిగించుకోవాలి. ఎండ ముదిరేలోగా ఇంటికొచ్చి సంగటి తినాలి. సోమవారం ఠాణాలో చూపించి, బుధవారం ఆయుధపూజ నాటికి దాన్ని మళ్ళీ గోడమీది మేకుకు తగిలించాలి. అంతే. కర్ణాటకలోని ఆ తిరుమణి ఊళ్ళో ఆ రోజు ఇంతకంటే చిన్న పథకం ఇంకెవరికీ ఉండి ఉండదు.

ఆ తుపాకి నిజానికి వాళ్ళ నాయన పెద్దతిమ్మప్పది. అడవిపందులు సెనిక్కాయ, అదే వేరుశనగ, చేలను రాత్రికి రాత్రి తవ్విపోసే రోజుల్లో ఆయన తుమకూరుకు ఆరుసార్లు తిరిగి లైసెన్సు సంపాదించాడు. చేనుగట్టున బండమీద మంచె వేసుకుని, పంట చేతికొచ్చేదాకా అక్కడే పడుకునేవాడు. జన్మలో ఒక్క పందిని కొట్టిన పాపాన పోలేదు. ఆకాశంలోకి పేల్చేవాడు, పందులు పోయేవి, రెండ్రోజులాగి మళ్ళీ వచ్చేవి. ఆయన పోయాక లైసెన్సు పాపన్న పేరుకు మారింది. పందులు కూడా పాపన్న వంతుకే వచ్చాయి.

తొమ్మిదేళ్ళ కిందట సోలార్ కరెంటు కంపెనీ వచ్చింది. ఊరంతా సంతకాలు పెట్టింది, పాపన్నా పెట్టాడు. ఆరెకరాలు ఇరవై ఎనిమిదేళ్ళ కౌలుకు రాసిచ్చాడు. ఏటా రావలసింది వస్తూనే ఉంది, ఆ విషయంలో ఆయనకు ఫిర్యాదు లేదు. కానీ ఎద్దులు పోయాయి, విత్తనం వేసే గొర్రు పొయ్యిలోకి పోయింది, పొద్దున లేచి ఎటు పోవాలో తెలియని కాళ్ళు మాత్రం మిగిలాయి. ఆయుధపూజకు దేవుడి ముందు పెట్టడానికి ఒక పార, రెండు కొడవళ్ళు, ఈ తుపాకి ఉన్నాయి. దానికి కుంకుమ పెట్టిన రోజున మాత్రం పాపన్నకు తనది ఇంకా రైతిల్లే అనిపించేది. ఏడాదికి ఒక్కరోజు. ఆ ఒక్కరోజు కోసమే ఆయన మిగతా రోజుల్లో దానికి నూనె రాసేవాడు.

చిక్కంతా లైసెన్సు పుస్తకంలో ఉంది. తుపాకి ఎందుకు ఇచ్చారో అందులో కన్నడంలో రాసి ఉంది: బెళె రక్షణె. అంటే పంట రక్షణ. పంటేమో లేదు. ఈ సంగతి సర్కారుకు ఎవరూ చెప్పలేదు, పాపన్న అసలే చెప్పలేదు. రెన్యువల్‌కు పోయినప్పుడల్లా ఊపిరి బిగబట్టుకుని నిలబడి, ముద్ర పడగానే వదిలేవాడు. ఈసారి ఠాణాలో కొత్తగా వచ్చిన హెడ్ కానిస్టేబుల్ కళ్ళద్దాలు పెట్టుకుని పుస్తకంలో ప్రతి వరసా వేలుపెట్టి చదివాడు. ఆ వేలు మెల్లగా 'బెళె రక్షణె' దాటిపోయి, దాని కింది వరస మీద ఆగింది. ఒకసారికి రెండు తూటాలకు మించి పట్టరాదు, అని ఉందక్కడ. తుపాకిలో తూటాలు నింపే కింది గొట్టంలో ఐదు పడుతున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ చూడని తప్పు.

గొట్టంలో చెక్కముక్క పెట్టించి రెండు మాత్రమే పట్టేలా చేయించుకుని సోమవారానికల్లా తెమ్మన్నాడు హెడ్ కానిస్టేబుల్. తుమకూరులో తుపాకుల అంగడి ఉందనీ, వాళ్ళు పని తెలిసినవాళ్ళనీ, అక్కడే చేయించమనీ చెప్పాడు. పాపన్నకు ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది. ఐదు తూటాలు కనపడ్డాయి గాని, లేని పంట కనపడలేదు కదా. ఇంకో వరస మీద ఎవరి వేలూ పడకముందే ఈ చెక్కముక్క పని ముగించేయాలనుకున్నాడు.

తుమకూరు నూరు కిలోమీటర్ల పైమాట. బస్సులో తుపాకి పెట్టుకుని కూర్చుంటే నలభై మంది అడిగేది ఒకటే ప్రశ్న, నీకింకా తుపాకి ఎందుకు పాపన్నా అని. ఆయన తొమ్మిదేళ్ళుగా తప్పించుకుంటున్నది ఆ ప్రశ్ననే. అందుకని ఈరేశ్ దగ్గరికి పోయాడు. తుమకూరుకే పోయి ఉంటే ఈ కథ నాలుగు ముక్కల్లో అయిపోయేది. ఆ మాట తర్వాత పాపన్నే చాలామందితో చెప్పుకున్నాడు.

ఈరేశ్ ఒకప్పుడు చుట్టుపక్కల ఏడూళ్ళకు గొర్లు చేసిన వడ్రంగి. విత్తనం వేళయిందంటే ఆయన కొట్టం ముందు బండ్లు బారులు తీరేవి. పొలాలు పోయాక గొర్రు అడిగినవాడు లేడు, ఇప్పుడు సోలార్ క్యాంటీనుకు స్టూళ్ళు చేస్తున్నాడు. గోనెపట్టా విప్పి గొట్టం చూపించి, ఇందులో కొలతకు సరిగ్గా ఒక చెక్క దిగాలని పాపన్న చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. చేతిలో ఉన్న స్టూలు కాలు అవతల పారేశాడు. స్టూళ్ళు ఎవడైనా చేస్తాడు, కొలతకు దిగే పని చూసి ఎన్నాళ్ళయిందో అన్నాడు.

తూటాలు ఇంట్లో నరసక్క ట్రంకుపెట్టెలో తాళం కింద ఉన్నాయి. నరసక్క పాపన్న భార్య, తాళంచెవి మెడలోంచి తీసే మనిషి కాదు. అందుకని ఈరేశ్ తూటా లావున రెండు కట్టెముక్కలు తయారుచేసుకున్నాడు. తుమ్మచెక్కను చెక్కాడు, వేళ్ళతో కొలిచాడు, మళ్ళీ చెక్కాడు. గంటసేపటికి అది గొట్టంలోకి నునుపుగా దిగింది. రెండు కట్టెముక్కలు లోపలికి పోయాయి. మూడోది పోలేదు. చట్టం ఏం కోరిందో అచ్చంగా అదే జరిగింది.

పాపన్న అప్పుడే లేచి వచ్చేయాల్సింది. కానీ ఈరేశ్ తుపాకిని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల చెక్క కొంచెం కదులుతోంది. ఆయన చేతిమీదుగా పోయిన ఏ వస్తువూ కదలకూడదు. పారకు పిడి వదులైతే ఏం చేస్తాం, నీళ్ళలో నానబెడతాం, కట్టె ఉబ్బి బిగుసుకుంటుంది. ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన వైద్యం అది. పాపన్నకూ సబబుగానే తోచింది. నీళ్ళు బాగా తగలాలని ఈరేశ్ చెక్కను గొట్టం మూతి దాకా లాగిపెట్టి, తుపాకిని బకెట్లో నిలబెట్టాడు. ఇద్దరూ టీ తాగడానికి పోయారు. ఆ టీ మీద పాత గొర్ల కబుర్లు వచ్చాయి, ఇంకో టీ తెప్పించుకున్నారు.

తిరిగొచ్చి చూస్తే చెక్క మూతి దగ్గరే ఉబ్బి, అక్కడే బిగుసుకుపోయి ఉంది. వెనక్కు పోదు, ముందుకు రాదు. పట్టకారు పెట్టి లాగితే పట్టకారు జారింది గాని చెక్క జారలేదు. పాపన్న కట్టెముక్క తీసుకుని దూర్చి చూశాడు.

"ఏమప్పా ఈరేశా, రెండు పట్టాల గదా. ఒగటి గూడా పోవడం ల్యా."

ఈరేశ్ గడ్డం గోక్కున్నాడు. "రెండు పట్టాలన్నారా, రెండుకి మించగూడదన్నారా?"

"మించగూడదన్నారు."

"మించలేదు గదప్పా మరి."

ఇది కాదనలేని మాటే. అయినా ఒక్క తూటా కూడా పట్టని తుపాకిని పట్టుకుని ఠాణాకు ఎలా పోవాలో పాపన్నకు అర్థం కాలేదు. ఎండలో పెడితే కట్టె ఎండి సన్నబడుతుందనీ, సాయంత్రానికి అదే ఊడి చేతిలో పడుతుందనీ ఈరేశ్ ధైర్యం చెప్పాడు. చెప్పి, స్టూలు కాలు మళ్ళీ అందుకున్నాడు. ఆయన మొహంలోని వెలుగు అప్పటికే తగ్గిపోయింది.

ఎండబెట్టాలి సరే, ఎక్కడ? ఇంటి మిద్దెమీద ఆ వీధి ఆడవాళ్ళంతా మిరపకాయలు ఆరబోసుకుని ఉన్నారు. నరసక్క వాకిట్లోనే అడ్డం నిలబడింది. "ఆరబెట్టేదానికి అదేమన్నా మిరపకాయా? నలుగురు చూస్తే ఏమనుకుంటారయ్యా?" అంది. పైగా ఆమె చిరాకులో ఉంది. సోలార్ కంచె పడ్డాక మేకలు తూర్పుగుట్టకు పోయే దారి మూసుకుపోయింది. ఇప్పుడు కంచె చుట్టూ రెండు మైళ్ళు తిప్పుకుని రావాలి. దారి విడవమని ఊరివాళ్ళు ఎనిమిది అర్జీలు ఇచ్చారు. పైవాళ్ళను అడుగుతామని కంపెనీవాళ్ళు ఎనిమిదిసార్లూ చెప్పారు.

పాపన్న ఆలోచించాడు. ఎండ బాగా తగిలి, మనిషి అలికిడి లేని చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది. తన పాత చేనుగట్టు. కంచె సరిగ్గా గట్టు వెంబడే పోవడంతో నాయన మంచె వేసిన బండ కంచెకు ఇవతల మిగిలిపోయింది. అటు ఎవరూ రారు. పొలం పోయినవాళ్ళకు అక్కడ చూడ్డానికేముంది? పాపన్న కూడా ఆ తొమ్మిదేళ్ళలో రెండుమూడుసార్లకు మించి రాలేదు.

పదకొండు గంటలకు బండమీద చేరాడు. తుపాకిని కాలుతున్న రాయిమీద పడుకోబెట్టాడు. నెత్తిన తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. కంచె లోపల సోలార్ గాజుపలకలు వరసలు వరసలుగా ఆకాశాన్ని చూస్తూ పడుకున్నాయి. మూడో వరస కింద బావి ఉండేది. ఆ ట్రాన్స్‌ఫార్మరున్న చోట కళ్ళం. పాపన్నకు ఏడుపు రాలేదు గాని, ఎందుకు సంతకం పెట్టానురా భగవంతుడా అని మాత్రం అనిపించింది. పందులు తిన్నంత తిన్నా పంట ఇంకా మిగిలేది. సంతకం ఒక్క గింజ మిగల్చలేదు. కాసేపటికి రాయి మరీ వేడెక్కి, తుపాకి కర్ర భాగం పగులుతుందేమోనని దాన్ని ఒళ్ళోకి తీసుకుని అడ్డంగా పెట్టుకున్నాడు.

కంచె లోపల కాపలా తిరుగుతున్న ఓబులేశ్ ఆయనను అలా చూశాడు. ఓబులేశ్ పాపన్నకు సొంత అక్క కొడుకు. ముప్ఫై ఏళ్ళవాడు, సెక్యూరిటీ టోపీ, మెడలో విజిలు, చేతిలో వాకీటాకీ.

"మామా, ఈడేం చేస్తాండావు?"

"ఊరికే కూచ్చోనుండా."

"తుపాకి ఎందుకు మరి?"

పాపన్న తటపటాయించాడు. చెక్క సంగతి చెబితే తుపాకి సంగతి చెప్పాలి, తుపాకి సంగతి చెబితే లైసెన్సు సంగతి వస్తుంది. ఓబులేశ్ చెవిన పడింది వాకీటాకీలో పడటానికి ఎంతోసేపు పట్టదు. "నా తుపాకి, నా గట్టు. నీకేందిరా?" అన్నాడు.

"కాదు మామా, ఎంతసేపుంటావు?"

"పనయ్యేదంకా లేయను. నువ్వు పో."

ఓబులేశ్ నిజాయితీ గలవాడు. మామ అన్న మాటలు అన్నట్టే రిజిస్టరులో రాసి, సూపర్‌వైజరుకు చెప్పాడు. ఒక రైతు తుపాకి పట్టుకుని కంచె ముందు కూర్చున్నాడు, ఇది తన గట్టేనంటున్నాడు, పనయ్యేదాకా లేవనంటున్నాడు. ఇందులో ఒక్క అబద్ధం లేదు. సూపర్‌వైజరు ఆ మూడు ముక్కల పక్కన దారికోసం వచ్చిన ఎనిమిది అర్జీలను పెట్టి చూసుకున్నాడు. లెక్క సరిపోయింది. కెమెరాలోంచి పాపన్న బొమ్మ తీసి మేనేజరుకు పంపాడు. అరగంటలో ఆ బొమ్మ ఊళ్ళోని ఫోన్లన్నిటికీ వచ్చేసింది. దాని కింద ఎవరో రాశారు, మేకల దారి కోసం పాపన్న తుపాకి పట్టినాడు, అని.

మొదట నల్లమ్మ తన పదహారు మేకలతో వచ్చి బండ పక్కన కూర్చుంది. అర్జీలు రాయించి రాయించి విసిగిపోయిన ముసలామె ఆమె. ఆ వెనక వీధి వీధంతా కదిలింది. మేకలున్నవాళ్ళు మేకలతో వచ్చారు, లేనివాళ్ళు ఊరికే వచ్చారు. మూడు గంటలకు పంచాయితీ మెంబరు శివప్ప శాలువా తెచ్చి పాపన్న భుజాన కప్పాడు. ఆ ఎండలో శాలువా. పాపన్న చెమటలు కక్కుతూ, శివప్పను దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"నేను చెక్క ఆరబెట్టుకుంటాండానప్పా. దారి గీరి నాకు తెలీదు."

శివప్ప మెచ్చుకోలుగా తలాడించాడు. "అదే మాట పట్టుకోనుండు. పోలీసోళ్ళొచ్చినా అదే చెప్పు."

తర్వాత నరసక్క వచ్చింది. మొగుణ్ణి నాలుగు దులిపి ఇంటికి తీసుకుపోదామనే వచ్చింది. కానీ ఆడవాళ్ళంతా జరిగి ఆమెకు ముందు వరసలో చోటిచ్చారు. నల్లమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏదో అంది. నరసక్క బండమీద ఉన్న మొగుడి వంక చూసింది. తిట్టలేదు. కొంగు సర్దుకుని కూర్చుంది. ఆ చూపు పాపన్నకు చివరిసారి ఎప్పుడు దొరికిందో ఆయనకే గుర్తులేదు. కళ్ళం నిండిన ఏ యేటనో అయి ఉండాలి.

ఇక్కడ పాపన్న తప్పు ఒకటి ఉంది, దాన్ని దాచి లాభం లేదు. అప్పుడైనా లేచి నిలబడి గట్టిగా, ఇదీ సంగతి అని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. తొమ్మిదేళ్ళుగా ఆయనతో ఎవరికీ పని పడలేదు. పొలం లేని రైతును పలకరించి ఏం మాట్లాడతారు? ఈరోజు ఊరంతా ఆయన వెనక కూర్చుంది, నాయన కూర్చున్న బండమీద ఆయన కూర్చున్నాడు, ఒళ్ళో నాయన తుపాకి ఉంది. ఇంకో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు అనుకుంటూ గంట గడిపేశాడు. ఆ గంట గురించి ఆయన తర్వాత ఎంతో బాధపడ్డాడు. అంత సంతోషంగా గడిచినందుకు మరీ బాధపడ్డాడు.

నాలుగింటికి కంపెనీ మేనేజరు తెల్ల హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. యాభై అడుగుల దూరంలోనే ఆగిపోయి, అక్కడినుంచే దండం పెట్టాడు. రేపటినుంచే కంచెకు గేటు పెట్టిస్తామనీ, పొద్దునా సాయంత్రం మేకలను వదులుతామనీ, పైవాళ్ళను అడిగామనీ, ఒప్పుకున్నారనీ గడగడా చెప్పి, కాగితం మీద రాసి ఓబులేశ్ చేత పంపించాడు. ఎనిమిది అర్జీలకు కాని పని ఒక పనికిరాని తుపాకికి అయింది. జనం ఈలలు వేశారు. పాపన్న హమ్మయ్య అనుకుని, ఇక లేచి ఇంటికి పోదామని శాలువా తీశాడు. అదే సమయానికి పోలీసు జీపు వచ్చి ఆగింది.

ఎస్సై ఒక ఆడమనిషి. వయసు తక్కువే గాని, గొంతు ఎత్తాల్సిన అవసరం లేని మనిషి. చెయ్యి చాపితే పాపన్న తుపాకి ఇచ్చేశాడు. ఆమె తెరిచి చూసింది, ఖాళీ. ఎన్ని పడతాయని అడిగింది.

"ఏమీ పట్టవు మేడం," అన్నాడు పాపన్న.

ఇక ఆపుకోలేక మొత్తం చెప్పాడు. రెండు తూటాల వరస, ఈరేశ్ కొట్టం, బకెట్టు, రెండు టీలు, ఎండ. ఊరంతా వింటోంది. ఎవరూ నమ్మలేదు. ఎంత తెలివిగా చెప్తాండాడో చూడండని శివప్ప పక్కవాళ్ళతో గుసగుసలాడాడు. ఎస్సై మాత్రం ఠాణాకు ఫోను చేసి హెడ్ కానిస్టేబుల్‌ను అడిగింది. ఆయన అవునన్నాడు. పాపన్న జేబులోంచి తీసిచ్చిన లైసెన్సు పుస్తకం తెరిచి ఆ వరస చదివింది. రెండుకు మించరాదు. బిగుసుకున్న చెక్కను గోటితో తట్టి చూసింది. ఆమె పెదవుల చివర నవ్వు కదిలింది. మించలేదులే, అన్నట్టు తలూపింది. ఇలా తుపాకి ఒళ్ళో పెట్టుకుని బయట కూర్చుంటే కేసవుతుందనీ, పెద్దవాడివని ఈసారికి వదులుతున్నాననీ, సోమవారం తుమకూరులో సరిచేయించి చూపించమనీ చెప్పింది. తుపాకిని పాపన్న వైపు చాపింది. పాపన్న రెండు చేతులూ చాచాడు.

అది ఆయన చేతులకు అందడానికి జానెడు దూరం ఉంది. అంతలో శివప్ప ముందుకొచ్చాడు. పాపన్న మీద ఏ మచ్చా ఉండకూడదని ఆయన తాపత్రయం.

"మేడం, పాపన్న ఊరికే వచ్చి కూచ్చోలేదు. ఈడ కనపడేదంతా ఆయప్ప పొలమే. ఆ మూడు వరసలూ, ఆ ట్రాన్స్‌ఫార్మరు, అంతా ఆయప్పదే. పిడికెడు మన్ను గూడా మిగిలించుకోకుండా సోలారుకి రాసిచ్చేసినాడు."

ఔనౌనన్నారు అందరూ. ఓబులేశ్ కూడా కంచె లోపలినుంచి చెయ్యి చాపి, మామ పొలం హద్దులు ఎక్కడినుంచి ఎక్కడికో చూపించాడు. ఊరు ఊరంతా ఒక్క గొంతుతో సాక్ష్యం చెప్పడం పాపన్న తన బతుకులో చూసింది అదే మొదటిసారి.

ఎస్సై తుపాకిని వెనక్కు తీసుకుంది. పుస్తకం మళ్ళీ తెరిచింది. ఈసారి ఆమె వేలు ఒక వరస పైన ఆగింది.

"బెళె రక్షణె అని ఉంది. మీరు రక్షిస్తున్న పంట ఏది?"

నరసక్క లేచి నిలబడింది.

"ఇంటెనక గోంగూర ఉండాది మేడం. రెండు మళ్ళు."

"పందులు గోంగూర తినవమ్మా," అంది ఎస్సై. ఆమె గొంతులో వెటకారం లేదు.

పాపన్న గాజుపలకల వైపు చూశాడు. అబద్ధం ఒకటి చెప్పాలని ప్రయత్నించాడు, నోటికి రాలేదు. "ముందర ఉండె మేడం," అన్నాడు. "సెనిక్కాయ. ఈడ్నే."

ఆమె కాసేపు ఆ పలకలనే చూస్తూ నిలబడింది. తర్వాత తాను చెప్పాల్సింది చెప్పింది. పంట లేనిచోట ఆ లైసెన్సు నిలవదు. తుపాకి, ఇంట్లోని తూటాలు ఠాణాలో అప్పగించాలి, జిల్లా ఆఫీసుకు తాను రాస్తుంది, రశీదు ఇస్తారు. తమ ఊళ్ళో కూడా సెనిక్కాయే వేసేవాళ్ళమని చివర్లో అంది. నరసక్క మెడలోని తాళంచెవి తీసి ఇచ్చింది. మొగుడు ఏనాడు అడిగినా తీయని తాళంచెవి అది.

కానిస్టేబుల్ తుపాకిని మూతి కిందకు వంచి జీపులోకి ఎక్కిస్తుంటే, లోపలినుంచి టక్కుమని ఏదో రాలి బండమీద పడింది. చెక్కముక్క. ఈరేశ్ చెప్పినట్టే సాయంత్రానికల్లా ఎండి, సన్నబడి, దానంతట అదే ఊడింది. అంటే ఠాణాకు పోయేటప్పుడు అది మళ్ళీ ఐదు తూటాల తుపాకే. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, పాపన్న గమనించినా చెప్పలేదు. నరసక్క వంగి ఆ చెక్కను తీసి కొంగున కట్టుకుంది.

ఆదివారం గేటు పెట్టారు. మేకలు పావుగంటలో గుట్ట చేరాయి. దారిలో కనపడ్డవాళ్ళంతా పాపన్నను ఆగి పలకరించారు. తుపాకి పాపన్న అని కొత్త పేరు కూడా పెట్టారు, తుపాకి పోయిన మరుసటి రోజునుంచి. శివప్ప సాయంత్రం వచ్చి అరుగుమీద కూర్చుని, ఏదో చెప్పాలని రెండుసార్లు గొంతు సవరించుకుని, చెప్పకుండానే లేచిపోయాడు. ఈరేశ్ అసలు రాలేదు. పారపిడికీ తుపాకికీ తేడా తెలియకపోయిందే అని తన కొట్టంలో తనే తిట్టుకుంటున్నాడని ఎవరో చెప్పారు. వాళ్ళమీద పాపన్నకు కోపం లేదు. అందరూ మంచే చేయబోయారు. తుమకూరు బస్సెక్కి నలభై మంది ప్రశ్నకు జవాబు చెప్పుకుని ఉంటే పోయేదని మాత్రం అనుకుంటూ, గోడమీది మేకు కేసి చూస్తూ మూడు రోజులు గడిపాడు.

బుధవారం ఆయుధపూజ. స్నానం చేసి దేవుడి గూటి ముందుకొస్తే, నరసక్క అప్పటికే అన్నీ పేర్చి ఉంచింది. పార, రెండు కొడవళ్ళు. తుపాకి ఉండాల్సిన చోట ఆ చెక్కముక్క. పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక చామంతి పువ్వు కూడా పెట్టింది. పాపన్న దాని ముందే చతికిలబడ్డాడు. నరసక్క ఆయన వైపు చూడకుండా టెంకాయ చేతికిచ్చింది.

టెంకాయ కొట్టే వేళకు ఓబులేశ్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పడానికి తటపటాయించాడు. మేకలకని పెట్టిన గేటులోంచి రాత్రి అడవిపందులు దూరాయట. పలకల కింద నేలంతా తవ్వి, కేబుళ్ళు కొరికిపోయాయట. ఆ మూడో వరస కిందే ఎక్కువ తవ్వాయట, బావి ఉండిన చోట. పందుల దారి తెలిసిన మనిషిని కాపలాకు పెట్టమని మేనేజరు చెప్పాడట. ఊళ్ళో అందరూ ఒకే పేరు చెప్పారట.

"తుపాకి ఉన్నింటే బాగుండు అంటాండాడు మామా, మేనేజరు," అన్నాడు ఓబులేశ్, నేల చూస్తూ.

పాపన్న టెంకాయను గూటి ముందు దించాడు. నాయన కాసిన పొలం. నాయన తరిమిన పందులు. పంట ఒక్కటే తక్కువ. ఓబులేశ్ జేబులోంచి ప్లాస్టిక్ కవరు విప్పని కొత్త విజిలు తీసి, కంపెనీ తరఫున ఇదే ఇమ్మన్నారని మెల్లగా గూటి ముందు పెట్టాడు. నరసక్క దాన్ని చెక్కముక్క పక్కకు జరిపి, దానికీ ఒక బొట్టు పెట్టింది.

దాన్ని ఒకసారికి ఎన్నిమార్లకు మించి ఊదరాదో ఇంకా ఎవరూ ఎక్కడా రాయలేదు.